ఈశాన్య రుతుపవనాలకు ముందు తీరవనాలు నాటేవారు పాటించవలసిన జాగ్రత్తలు

తిరుపతి జిల్లా తీరానికి అసలు గండం అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చే వాయుగుండాలతోనే కనుక వాకాడు, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో మొక్కలు నాటాలనుకునే పంచాయతీలు, మత్స్యకార సంఘాలు, విద్యార్థి బృందాలు వానలకు ముందే స్థలాన్ని పరిశీలించుకోవాలి. ఈ ఏడాది నాటిన మొక్క ఈ ఏటి తుపానును ఆపదు. వేళ్లు పట్టి, గుబురుగా పెరగడానికి ఏళ్లు పడుతుంది.

మడ మొక్క బతికేది పోటుకు వచ్చిన ఉప్పునీరు ఆటుకు తిరిగి పోయే చోట మాత్రమే. పులికాట్ సరస్సులో వేసవికి చాలా భాగం ఎండిపోతుంది, సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. అందువల్ల నారు కొనకముందే పాయలో నీరు ఆడుతున్నదో లేదో కొన్ని పోట్లపాటు గమనించాలి. నీరు నిలిచిపోయి ఉప్పు పేరుకున్న చోట ఎన్ని వేల మొక్కలు నాటినా దండగే కనుక, అక్కడ ముందు అనుమతితో చిన్న కాలువలు తవ్వి నీటికి దారి ఇవ్వాలి. తెల్లమడ గింజలు నిల్వకు ఆగవు, దగ్గరలోని చెట్ల నుంచే ఏరి కొద్ది రోజుల్లోనే నాటాలి. గేదెలు, మేకలు ఆ ఆకును ఇష్టంగా మేస్తాయి కనుక కంచె ఖర్చును మొదటి లెక్కలోనే చేర్చాలి.

రాజహంసలు (ఫ్లెమింగోలు) మేత వెతుక్కునే లోతు తక్కువ బురద మేటల్లో మడ నాటడం తప్పని నా నిశ్చితాభిప్రాయం. అది ఖాళీ స్థలం కాదు, ఆ పక్షులకు అన్నం పెట్టే నేల. పైగా పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ గునపం దించకూడదు.

సముద్రం ఒడ్డున మొదటి రక్ష ఇసుక దిబ్బ. సరుగుడు తోట వేయడానికి దిబ్బను చదును చేయడమంటే ఉన్న గోడను మనమే పడగొట్టుకోవడం. దిబ్బ ముందు వైపున ఇసుకను పట్టి ఉంచే తీగలను, గడ్డిని పీకకుండా వదిలి, వెనక తాటి, మొగలి, ఆ తరువాతే సరుగుడు పెంచాలి. అలల అంచు దాకా సరుగుడు వేస్తే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా పోతుంది.

పనిలోకి దిగేవారు బురదలో ఒంటరిగా నడవకూడదు. ఆల్చిప్పలు, బురదపైకి పొడుచుకు వచ్చే మడచెట్ల ఊపిరి వేర్లు కాళ్లను చీరేస్తాయి కనుక గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కాబట్టి దానిని కోయకూడదు, పొరపాటున పడితే మంచినీటితో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే పని ఆపి, పడవలను, పనిముట్లను ఎత్తైన చోటికి చేర్చాలి.

2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగినట్లు ఎగువ నుంచి వచ్చే వరదను తీరవనం ఆపలేదు. అది అలల జోరును తగ్గిస్తుందే తప్ప నదిని నిలపదు. అందుచేత నదీముఖంలో, మురుగుకాలువల నోట్లో మొక్కలు నాటి నీటికి అడ్డు కట్టకూడదు, వెనక ఎంత దట్టమైన చెట్లున్నా అధికారులు ఖాళీ చేయమన్న ఇంట్లో ఎవరూ ఉండిపోకూడదు. వృద్ధులను, గర్భిణులను ముందు రోజే తుపాను రక్షణ కేంద్రానికి తరలించాలి. నీరు తీసిన వారం లోపల తోటకు తిరిగి వెళ్లి, మొక్కలపై పేరుకున్న ఒండ్రును, వలల ముక్కలను తొలగించి, పూడిన కాలువలను మళ్లీ తెరవాలి.