అల్లం టీ: ముందు నీళ్లు, తరువాతే పాలు

ఇంట్లో అల్లం టీ పెట్టేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పాలు విరగడం. ఒక వాన సాయంత్రం చుట్టాలు ముందుగదిలో కూర్చుని ఉండగా, పని త్వరగా తెములుతుందన్న ఆశతో పాలు, టీ పొడి, అప్పుడే తురిమిన అల్లం అన్నీ ఒకే గిన్నెలో వేసి పొయ్యి వెలిగించాను. పొంగు ఇంకా రాకముందే గిన్నె అంచుల వెంట సన్నని పలుకులు తేలాయి. గరిటెతో కదిపేసరికి కింద గోధుమరంగు నీరు, పైన విరుగుడు ముక్కలు మిగిలాయి. పాలు పాతవేమోనని పాలు పోసే అతన్ని మనసులో తిట్టుకున్నాను గాని, అదే చెంబులో మిగిలిన పాలు పక్క పొయ్యి మీద ఏ తేడా లేకుండా కాగాయి. తప్పు పాలది కాదు, నేను అల్లం వేసిన సమయానిది.

పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైము ఉంటుంది. మాంసకృత్తులను ముక్కలు చేయడం దాని గుణం; మాంసానికి అల్లం ముద్ద పట్టించి నాననిస్తే ముక్క మెత్తబడడానికి ఒక కారణం ఇదే. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి మీద కూడా అది అలాగే పనిచేస్తుంది, పైగా 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మరింత చురుకుగా ఉంటుంది. అంటే చల్లని పాలలో పచ్చి అల్లం వేసి నెమ్మదిగా కాచడమంటే, ఆ ఎంజైముకు కావలసిన వేడిని, వ్యవధిని మన చేతులతో మనమే సమకూర్చడం. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఇదే గుణాన్ని ఆధారం చేసుకుని, వేడి పాలను అల్లం రసం మీద పోసి జున్నులా గడ్డకట్టించి తింటారు. మనకు కావలసింది జున్ను కాదు కనుక, అల్లాన్ని ముందుగా నీళ్లలో మరిగించి ఆ ఎంజైము పస పోగొట్టి, ఆ తరువాతే పాలు పోయాలి.

ఇద్దరికి సరిపోయే టీకి 200 మిల్లీలీటర్ల నీళ్లు, 150 మిల్లీలీటర్ల కాచిన పాలు, అంగుళం పొడవున్న అల్లం ముక్క, రెండు చెంచాల టీ పొడి, రెండు మూడు చెంచాల పంచదార చాలు. టీ పొడి విషయంలో ఖరీదుకు పోనవసరం లేదు. ఆకును నలిపి, చించి, గుళికలుగా చుట్టే సీటీసీ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో రూపుదిద్దుకుంది. పాలకు, అల్లం ఘాటుకు తట్టుకుని నిలిచే రంగు, కడక్ ఆ గుళికల టీకే ఉంటాయి. సువాసన కోసం కొనుక్కునే డార్జిలింగ్ ఆకును అల్లంతో కలిపి మరిగించడం, నా దృష్టిలో, డబ్బు దండగ.

అల్లం ఎంపికలో మాత్రం కొంత శ్రద్ధ అవసరం. లేత అల్లం పచ్చడికి బాగుంటుంది గాని, టీకి ముదురుదే కావాలి. కొమ్మును విరిస్తే టక్కున విరగాలి, విరిగిన చోట పీచు కనిపిస్తూ తడి మెరవాలి; తోలు ముడతలు పడి చేతికి తేలికగా తగిలే ముక్కలోనూ, బూజు పట్టిన ముక్కలోనూ పసలేదని వదిలేయడమే మంచిది. పచ్చి అల్లం ఘాటు జింజరాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. అల్లం ఎండే క్రమంలో అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, శొంఠి మరింత మంటగా ఉండడానికి కారణం అదే. కాబట్టి అల్లం లేనప్పుడు శొంఠి వాడదలచినవారు రెండు కప్పులకు పావు చెంచా పొడితో మొదలుపెట్టడం మేలు.

కొమ్మును పది నిమిషాలు నీళ్లలో నానబెడితే కణుపుల సందుల్లోని మట్టి సులువుగా వదులుతుంది. వడకట్టే టీకి చెక్కు తీయనక్కరలేదు. తురిమితే రసమంతా ఒక్కసారిగా దిగి ఘాటు గొంతులో గుచ్చుకుంటుంది; చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచిన అల్లం అయితే రుచి నిదానంగా, నిండుగా దిగుతుంది. ఆ రోట్లో పొద్దున వెల్లుల్లి దంచి ఉంటే మాత్రం శుభ్రంగా కడిగి వాసన చూశాకే అల్లం వేయండి. ఒకసారి వెల్లుల్లి టీ తాగినవారికి ఈ జాగ్రత్త మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

దంచిన అల్లాన్ని నీళ్లలో వేసి, తెర్లడం మొదలయ్యాక సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు ఉంచాలి. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగి, ఆవిరి ముక్కుకు చురుక్కుమన్నప్పుడు టీ పొడి, పంచదార వేసి, ఒకటిన్నర నిమిషానికి మించకుండా మరగనివ్వాలి. టీ పొడి ఎంత ఎక్కువసేపు మరిగితే వగరు అంత పెరుగుతుంది, ఆ వగరు అల్లం రుచిని కప్పేస్తుంది. అప్పుడు వేడి పాలు పోసి, సెగ పెంచి, పొంగు అంచుదాకా వచ్చినప్పుడల్లా గిన్నెను పైకెత్తి దించుతూ రెండు మూడు పొంగులు రానిచ్చి వడకట్టాలి. పంచదారకు బదులు బెల్లం వాడేవారు పొయ్యి కట్టేశాక, వడకట్టిన టీలో కలుపుకోవాలి; మరిగే పాలలో బెల్లం వేస్తే, అల్లం తప్పు లేకుండానే పాలు విరిగే అవకాశం ఉంది.

పాలు వద్దనుకునేవారు అదే అల్లం నీళ్లలో అర చెంచా టీ పొడి వేసి, దించాక నిమ్మరసం పిండుకోవచ్చు. నిమ్మరసం పడగానే టీ రంగు తేలికపడుతుంది. అది పులుపు వల్ల జరిగే మార్పే గాని టీ పాడైనట్టు కాదు.

అల్లం టీతో మిరపకాయ బజ్జీలు తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది గాని, ఒక ఘాటు మీద మరో ఘాటు పడితే నాలుకకు ఏదీ మిగలదు. తీపి, ఉప్పు రెండూ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు దీనికి చక్కని జోడీ. భోజనంతో పాటే తాగితే టీ ఆహారంలోని ఇనుమును పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు కనుక, ఒక గంట ఎడం పాటించడం మంచిది. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు రోజూ అల్లం ఎక్కువగా తీసుకునే ముందు వైద్యుణ్ణి అడగాలి.

జాలిలో మిగిలిన అల్లం పిప్పిని రెండోసారి మరిగిస్తే చేదు తప్ప ఏమీ రాదు. దాన్ని గులాబీ కుండీలో వేయదలిస్తే ముందు నీళ్లతో రెండుసార్లు జాడించాలి, లేకపోతే పంచదార వాసనకు మరునాటికల్లా కుండీ నిండా చీమలే ఉంటాయి.