ఇంటి నీటి గొట్టాల పని – మూడవ పాఠం: ధార ఎక్కడ సన్నబడుతోంది?

గత పాఠంలో డాబా మీది ట్యాంకు నుండి ప్రతి కుళాయి వరకు గొట్టం ఏ దారిన వస్తుందో కాగితం మీద గీసుకున్నాము. పది లీటర్ల బకెట్టు నిండడానికి పట్టిన సెకన్లను ఒక్కొక్క కుళాయి పక్కన రాసుకున్నాము. ఈ పాఠానికి ఆ కాగితం చేతిలో ఉండాలి.

ముందుగా ఒక అపోహ తొలగాలి. రాయగడలోనైనా, గుణుపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా స్నానాల గదిలో ధార తగ్గగానే చాలామంది మునిసిపాలిటీని తప్పుపడతారు. సంపు, మోటారు ఉన్న ఇంట్లో వీధి గొట్టపు ఒత్తిడికి సంపును నింపడంతో పని తీరిపోతుంది. నీరు ట్యాంకులో పడిన తరువాత కుళాయికి అందే ఒత్తిడి అంతా ఎత్తు ఇచ్చినదే: పది మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్. ట్యాంకు వెయ్యి లీటర్లదైనా, రెండు వేల లీటర్లదైనా నీటి మట్టం ఒకటే అయితే ఒత్తిడి కూడా ఒకటే. పై అంతస్తులోని షవరుకు, ట్యాంకు నీటి మట్టానికి మధ్య రెండు మీటర్లే ఉంటే అక్కడ లభించేది 0.2 బార్ మాత్రమే. కాబట్టి పై అంతస్తు కుళాయిని కింది అంతస్తు కుళాయితో పోల్చి లోపం ఉందని తేల్చరాదు.

ఇప్పుడు కాగితం చూడండి. ఒక్క కుళాయిలోనే ధార సన్నగా ఉంటే దాని మూతిలోని జాలిని విప్పి కడగాలి. చాలాసార్లు పని అంతటితో ముగుస్తుంది. వేడినీళ్లు మాత్రమే తగ్గితే గీజరుకు నీరు వెళ్లే యాంగిల్ వాల్వును, ఇల్లంతా తగ్గితే ట్యాంకు అడుగున వానాకాలపు ఒండ్రు పేరుకున్నదేమో చూడాలి. ఒక గదిలోని కుళాయిలన్నీ తగ్గినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది.

ఇందుకు తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ ట్యూబు చాలు. దాని ఒక కొసను ఆ గదిలోని ఒక కుళాయికి బిగించి, రెండవ కొసను కిటికీ గుండా డాబా మీదికి చేర్చి, బుడగలు పోయేంతవరకు నీటిని పారనిచ్చి, ఆ కొసను ట్యాంకు నీటి మట్టం కంటె పైకి ఎత్తి నిలపండి. ఇంట్లోని మిగిలిన కుళాయిలన్నీ కట్టి ఉంటే ట్యూబులోని నీరు ట్యాంకు మట్టానికే చేరి నిలుస్తుంది. గొట్టం సగం పూడిపోయి ఉన్నా ఈ మట్టం మారదు, ఎందుకంటే పారని నీటికి రాపిడి నష్టం లేదు. మట్టం బాగా కిందనే ఆగిపోతే గొట్టంలో గాలి చిక్కుకున్నదేమోనని అనుమానించాలి.

తరువాత అదే గదిలోని మరొక కుళాయిని పూర్తిగా తిప్పి, ట్యూబులోని నీరు ఎంత దిగిందో కొలవండి. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది: ట్యూబు చూపేది పారుతున్న కుళాయి దగ్గరి ఒత్తిడిని కాదు, రెండు దారులు చీలిన టీ (T ఆకారపు అతుకు) దగ్గరి ఒత్తిడిని. మట్టం మీటరుకు మించి పడిపోయి, బకెట్టు కూడా నెమ్మదిగా నిండుతుంటే అడ్డంకి ట్యాంకుకు, ఆ టీకి మధ్యనే ఉన్నది. మట్టం పెద్దగా దిగకపోయినా ధార సన్నగానే ఉంటే అడ్డంకి టీ దాటిన తరువాతి ముక్కలోనో, ఆ కుళాయిలోనో ఉన్నది. గోడ పగలగొట్టే ముందు ఈ తేడా తెలియడం ఎంతో ఖర్చును తప్పిస్తుంది. ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా పట్టాముండై ప్రాంతం నుండి దేశంలోని ఎన్నో నగరాలకు ప్లంబర్లు వెళుతుంటారు. అటువంటి చేయితిరిగిన పనివారిని పిలిచినా, ఈ కొలతలు చూపితే వారి పని సులువవుతుంది.

పాత ఇనుప గొట్టాలున్న ఇళ్లలో మట్టం ఎక్కువగా పడిపోవడానికి ప్రధాన కారణం లోపలి తుప్పు. గొట్టపు లోపలి వ్యాసం సగమైతే, అదే ఎత్తు నుండి వచ్చే ప్రవాహం సగం కాదు, సుమారు ఆరో వంతుకు తగ్గుతుంది. రెండవ కారణం గేట్ వాల్వు. దాని చక్రం తిరిగినంత మాత్రాన లోపలి పలక లేచిందని నమ్మరాదు. కాడ నుండి ఊడిన పలక దారికి అడ్డంగా పడి ఉంటుంది.

వచ్చే పాఠంలో ఆ వాల్వును విప్పుతాము. అప్పటిలోగా ప్రతి గదిలోనూ ట్యూబు మట్టం ఎన్ని అంగుళాలు దిగిందో కాగితంలో చేర్చండి. ఎంతోకాలంగా కదలని వాల్వును మాత్రం రెంచితో బలవంతంగా తిప్పవద్దు. కాడ విరిగితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయవలసి వస్తుంది.