సోలార్‌కు భూమి ఇచ్చే రైతుతో మాట – మూడో పాఠం: లీజు లెక్క రైతు ముందే వేయడం

సోలార్ కంపెనీ తరఫున ఊళ్లో రైతులతో భూమి లీజు మాట్లాడేవాళ్ల కోసం ఈ పాఠాలు. ముందు పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న చూద్దాం. పాసుపుస్తకం తండ్రి పేరున ఉంది. ఆయన కాలం చేశారు. ఇద్దరు కొడుకులు లీజుకు ఒప్పుకున్నారు. సంతకాలు ఎవరెవరివి కావాలి?

కొడుకులవి చాలని రాసుకుని ఉంటే మళ్లీ ఆలోచించండి. తల్లి ఉంటే ఆమె, అత్తగారిళ్లలో ఉన్న ఆడబిడ్డలు కూడా వారసులే. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటాను మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే, ఆనాటికి పెళ్లికాని వాళ్లకు, ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. అయినా ఊళ్లో ‘కట్నం ఇచ్చి పంపినాం కదా, ఇంకేం వాటా’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. దానికి తలూపి వచ్చేశారంటే, రేపు తోబుట్టువుల మధ్య తగువుకు కారణం మీరే అవుతారు. ఆడబిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి మీరే వెళ్లి చెప్పండి. ఒక రోజు పోతుంది, అంతే.

ఇక ఈ పాఠం. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), ఈసీ (అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) చూశారు. రచ్చబండ దగ్గర రెండుసార్లు కూర్చుని వచ్చారు. ఇప్పుడు డబ్బు మాట ఎత్తాలి. వేరుశనగ విత్తనం పడే జూన్, జూలైలలో మాత్రం వద్దు. పదును పోతుందేమోనని గుండె గుప్పిట్లో పెట్టుకున్న మనిషికి పాతికేళ్ల ఒప్పందం ఏం చెవికెక్కుతుంది?

‘ఎకరాకు ఏడాదికి ఇంత’ అని చెప్పి అక్కడితో ఆపేయడం చాలామంది చేసే పని. రైతు సరేనంటాడు. నాలుగైదేళ్లకు లెక్క తెలిసొచ్చాక మళ్లీ మిమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వడు. అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన విద్య ఒక్కటే: లెక్కలో రైతుకు తక్కువయ్యే చోటు ఏదో మీ నోటితోనే ముందు చెప్పడం.

నిజమైన రేటు ఒకటి తీసుకుందాం. మడకశిర పక్కనే, కర్ణాటకలో పావగడ ఉంది. తెలుగు బాగా వినిపించే తాలూకా. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి కొనలేదు, రైతుల దగ్గర లీజుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానలు మొహం చాటేసే ఆ నేలలో ఏటా ఇంత చేతికి రావడం చిన్న మాట కాదు. భూమి తమ పేరునే ఉండటం ఇంకా పెద్ద మాట.

ఇప్పుడు పలకో నోటుపుస్తకమో తీసి రైతు పక్కన కూర్చోండి. ఎదురుగా కాదు, పక్కన. అంకెలు ఇద్దరికీ ఒకే వైపు నుంచి కనబడాలి. మొదటి రెండేళ్లు 21,000. మూడో ఏడు 22,050. ఐదో ఏడు 23,152. ఇలా పోతే 25వ ఏడు 37,713 వస్తుంది. వినడానికి బాగుంటుంది. ఇక్కడ ఆగకండి. పక్కన ఇంకో వరుస వేయండి: ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, ఇవాళ 21,000కు దొరికే సరుకుకు 25వ ఏట 67,727 పెట్టాలి. అంటే చేతికొచ్చే కౌలు అప్పటికి సగం పైచిలుకు ఖర్చుకే సరిపోతుంది. ‘రెండేళ్లకు 5 శాతం’, ‘ఏడాదికి 5 శాతం’ వినడానికి దగ్గరగా ఉన్నా, చివరి ఏడాదికి ఎకరా మీద 30,000 తేడా.

ఇది చెబితే రైతు వెనక్కి పోతాడని మీ పైవాళ్లు భయపడతారు. నా అనుభవంలో అలా వెనక్కి పోయినవాళ్లు తక్కువ. ఎక్కువమంది ‘అయితే ఏటా పెంచండి’ అని అడుగుతారు. ఆ అడగడం న్యాయం. కాబట్టి ఊరికి పోకముందే కంపెనీతో కూర్చుని ఎంతవరకు ఒప్పుకోగలరో తేల్చుకోండి. మీకు అధికారం లేని మాట ఊళ్లో ఇవ్వకండి. ‘ఇంటికో ఉద్యోగం’ అని నోటిమాటగా చెప్పి పోయిన ఒక కంపెనీ వెనకాల నేను ఒక ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్లు మంచినీళ్లయినా ఇవ్వలేదు. వాళ్ల తప్పేం లేదు.

డబ్బు లెక్క తేలాక వచ్చే ప్రశ్నలే అసలైనవి. అనంతపురం వైపు ఒక పెద్దాయన నన్నొకసారి గట్టు మీదికి తీసుకెళ్లాడు. రెండు పొలాల మధ్య మోకాలెత్తు రాళ్ల కట్ట, దాని మీద ఒక తంగేడు పొద. ‘మీరు మిషన్ పెట్టి అంతా చదును చేస్తారు. నా మనవడు భూమి వెనక్కి తీసుకునే నాటికి ఈ గట్టు యాడుండిందో ఎట్ల తెలుస్తాది నాయనా?’ అన్నాడు. నా దగ్గరున్న ముప్పై పేజీల ఒప్పందంలో దానికి జవాబు లేదు. అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. చదును చేయకముందే ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల సర్వే పటం) నకలు చేతపట్టుకుని, ఇరుగుపొరుగు రైతుల ఎదుట సర్వేయరుతో హద్దులు కొలిపిస్తాను. ప్రతి మూల రాయికి జీపీఎస్ అంకెలు, ఫొటో తీయిస్తాను. చెట్లు, బోరు, వంక దారి రాయిస్తాను. అదంతా లీజు పత్రానికి జత చేసి ఒక ప్రతి రైతు చేతిలో పెడతాను.

రెండో భయం బ్యాంకు. ‘మా భూమి తాకట్టు పెడతారా?’ కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు తాకట్టు పెట్టుకునేది ప్లాంటునూ లీజు హక్కునూ, పట్టా రైతుదే. ఈ వాక్యం పత్రంలో తెలుగులోనే ఉండాలి. ఏడాది మించిన లీజు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావాల్సిందే. ఆ ఖర్చు కంపెనీదని కూడా రాయండి. సంతకానికి రెండు వారాల ముందే పత్రం ఇచ్చి, వాళ్లకు నచ్చిన వకీలుకు చూపించుకోమనండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే మాత్రం ఏ మాటా ఇవ్వకండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం సంగతి తహసీల్దారు కార్యాలయంలో తేలాకే మాట్లాడండి.

ఇంకొకళ్లున్నారు. వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. ఆ చేలో కలుపు తీసి కూలి తెచ్చుకునే ఆడవాళ్లు, కోత అయ్యాక గొర్రెలు మేపుకునే కురుబలు. పావగడలో కౌలు డబ్బు భూమి ఉన్నవాళ్లకు అందింది. కూలిపని, మేత పోయి నష్టపడింది వీళ్లు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలైనా పోతాయి, కంచె పడ్డాక మందలు పోయే దారి మూసుకుపోతుంది. కంచె గీత గీయకముందే మందల దారి నడిచి చూడండి, కాపరితో కలిసి.

ఈ వారం అభ్యాసం: ఒక రైతుకు 4 ఎకరాల 30 సెంట్లు. రేటు 21,000. రెండేళ్లకు 5 శాతం పెంపుతో ఒకసారి, ఏటా 5 శాతంతో ఒకసారి, 11వ ఏడు ఎంత వస్తుందో రెండు వరుసలుగా వేయండి. తర్వాత ఆ కాగితాన్ని ఇంట్లో లెక్కలు రాని పెద్దవాళ్లకు వివరించండి. వాళ్లు అడిగిన ప్రశ్నలు రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.