పిల్లల్ని వదిలి ఒక రాత్రి దిండి వెళ్ళాం

మాది అమలాపురం. ఐదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. పెళ్ళయి పదేళ్ళు నిండే రోజున మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళాలని ఆశ. కానీ బాబు నా పక్కన తప్ప నిద్రపోడు.

ముందు సాయంత్రాల్ని సరిచేశాం. చీకటి పడకముందే స్నానం, ఏడింటికి అన్నం, తర్వాత దోమతెర లోపలికి చేరి కథ. టీవీ, ఫోన్ బంద్. వరస రోజూ ఒకటే. రెండు మూడు వారాలకి తర్వాత ఏం చేయాలో పిల్లలే చెప్పడం మొదలుపెట్టారు. అప్పటినుంచి కథ చెప్పే పని అత్తయ్యగారికి ఇచ్చాను. నేను పక్క గదిలో ఉండేదాన్ని. మొదట్లో బాబు ఏడ్చాడు, ఆవిడ కంగారు పడలేదు. ఆ ఓపికకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

పిల్లల్ని వేరే ఇంటికి పంపకుండా, వాళ్ళ మంచం మీదే ఉంచడం బాగా పనిచేసిందని నా నమ్మకం. కళ్ళు కప్పి జారుకోవద్దు కూడా. "రేపు భోజనం వేళకి వచ్చేస్తాం" అని చెప్పే బయల్దేరాం.

దిండిని ఎంచుకున్నది దగ్గరని. ఏదైనా అవసరమైతే వెంటనే తిరిగి రావచ్చు. వశిష్ఠ గోదావరి ఒడ్డున కూర్చుని ఇద్దరం తీరిగ్గా మాట్లాడుకున్నాం, ఎన్నాళ్ళకో! మర్నాడు అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని, చెప్పిన వేళకి ఇంట్లో ఉన్నాం. బాబు రాత్రి ఒకసారే లేచాడట, నీళ్ళు తాగి పడుకున్నాడట.

జ్వరం మందు ఎంత వేయాలో, పిల్లల డాక్టర్ నంబరేదో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళండి.