ఆకాశంలో గట్టు దాటకుండా విమానం నడపడం ఎలా?

పొలం గట్టు జరిగితే పంచాయితీ పెట్టుకోవచ్చు. ఆకాశంలో గట్టు, అంటే విమానాలు అనుమతి లేకుండా దాటకూడని హద్దు, కనపడదు. దాటిన సంగతి మనకంటే ముందు రాడార్ ముందున్నవాళ్లకు తెలుస్తుంది. ఓర్వకల్లు నుంచి కడపకు చిన్న విమానంలో బయల్దేరుతున్నామనుకుందాం.

ముందురోజు రాత్రే చార్టు (పైలట్ల మ్యాపు) పరిచి దారి గీయండి. అటూ ఇటూ ఉన్న ప్రొహిబిటెడ్ (వెళ్లకూడని), రెస్ట్రిక్టెడ్ (షరతులున్న), డేంజర్ (ప్రమాదం ఉండే) ఏరియాలకు, టవర్ అనుమతితోనే వెళ్లాల్సిన ఎయిర్‌పోర్టు జోన్లకు రంగు పెన్సిల్‌తో అంచు దిద్దండి. అంచును రాసుకుంటూ పోయే దారి వద్దు. బ్రిటన్ పైలట్లకు చెప్పే లెక్క నాకు నచ్చుతుంది: పక్కకు 2 నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు), ఎత్తులో 200 అడుగులు వదలాలి.

ఉదయం నోటమ్‌లు (ఆకాశంలో ఎక్కడ ఎప్పుడు ఆంక్షలున్నాయో పైలట్లకు చెప్పే నోటీసులు) మళ్లీ చూడండి, నిన్న చూసినా సరే. కర్నూలు జిల్లాలోనే డీఆర్‌డీవో పరీక్షా కేంద్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించారు. ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు ఎలాగూ తప్పవు.

దూరం సూటిగా 80 నాటికల్ మైళ్లుంటుంది. 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ల) వేగంతో గంటలోపే. కానీ ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతాం. పక్కగాలిని పట్టించుకోక 10 డిగ్రీలు తప్పితే 20 నిమిషాల్లో 5 మైళ్లు! జీపీఎస్ ఉన్నా కిటికీలోంచి చూడాల్సిందే. మొదట ఎడమపక్క మెరిసే సోలార్ పార్కు, తర్వాత దూరంగా నల్లమల, కడప ముందర పెన్న. ఏది ఏ నిమిషానికి రావాలో ముందే రాసుకోండి.

గట్టు ఎత్తులోనూ ఉంటుంది. గాలి ప్రెషర్‌ను బట్టి ఎత్తు చూపే మీటరైన ఆల్టిమీటర్‌లో పాత ప్రెషర్ వదిలేస్తే ఒక్కో హెక్టాపాస్కల్‌కు (ప్రెషర్ కొలత) 27 నుంచి 30 అడుగుల తేడా. అసలు ప్రెషర్ ఎక్కువుంటే మనం మీటర్ చూపేదానికన్నా పైనుంటాం. దానికి తోడు ఎండాకాలం మధ్యాహ్నం సీమ నేల నుంచి లేచే వేడిగాలి విమానాన్ని ఎత్తేస్తుంది. గ్లైడర్‌వాళ్లకు (ఇంజిన్ లేని విమానం నడిపేవాళ్లకు) అది పండగే. అయితే అందులో చుట్లు తిరుగుతున్నంతసేపూ గాలివాటుకు జరిగిపోతుంటారు. కాబట్టి మొదటి చుట్టుకు ముందే గాలి ఎటుందో, జోన్ ఎంత దూరమో చూసుకోవాలి.

దారి తప్పామనిపిస్తే సిగ్గుపడకుండా రేడియోలో చెప్పేయండి. ఎవరూ పలక్కపోతే 121.5, అంటే అత్యవసర ఫ్రీక్వెన్సీ. టెన్షన్‌లో ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు మన ఉనికి తెలిపే పరికరం) మాత్రం ఆపొద్దు.

కడప టవర్‌ను జోన్‌కు బాగా ముందే పిలవండి. వాళ్లు 'స్టాండ్ బై' (కాస్త ఆగండి) అంటే రమ్మన్నట్టు కాదు. క్లియరెన్స్ వచ్చేదాకా బయటే చుట్లు కొడుతూ ఉండాలి.