పెంకుపురుగు మీది బూజుకు కొత్త పేరు పెట్టే ముందు జాగ్రత్తలు

పురుగుల ఒంటి మీద పెరిగే లబుల్బేనియేలిస్ బూజులు చాలావరకు మిల్లీమీటరు కూడా ఉండవు. తొందరపడితే పేరు తప్పుతుంది.

- ముందు పురుగు ఏ జాతిదో తేల్చుకోండి. ఈ బూజుల్లో చాలా వాటిని గుర్తించడానికి అవి పెరిగే పురుగే పెద్ద ఆధారం. అక్షింతల పురుగుల మీది హెస్పెరోమైసెస్ వైరెసెన్స్ అనే బూజును ఏళ్ల తరబడి ఒకే జాతి అనుకున్నారు. డీఎన్ఏ చూశాక అది కొన్ని జాతుల గుంపని తేలింది. 2022లో హార్మోనియా అనే అక్షింతల పురుగు మీది బూజుకు హెస్పెరోమైసెస్ హార్మోనియే అని వేరే పేరు వచ్చింది. అందుకే డీఎన్ఏ కోసం కొన్ని బూజులు విడిగా దాచండి.
- ఒక్కో పురుగును ఒక్కో సీసాలో ఆల్కహాల్‌లో వేయండి. లేబుల్ పెన్సిల్‌తోనే రాయండి, ఇంకు కరిగిపోతుంది.
- బూజు రెక్క మీదుందా, కాలి మీదుందా? పీకకముందే రాసుకోండి.
- సన్నని సూదితో, అడుగున పురుగుకు అతుక్కునే నల్లటి మొదలుతో సహా తీయండి. అది తెగితే కొలతలే తప్పుతాయి. నాకిది అన్నిటికన్నా టెన్షన్ పెట్టే పని.
- లేత బూజును చూసి కొత్త జాతి అనకండి, ముదిరినవి చాలా కొలవండి.
- హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒక్క నమూనా) స్లైడును హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు, బూజుల నమూనాలు భద్రపరిచే చోట ఇవ్వండి. 2013 నుంచి, పేర్ల రిజిస్ట్రీలో తీసుకున్న రిజిస్ట్రేషన్ నంబరు లేని కొత్త బూజు పేరు చెల్లదు.