తుఫాను హెచ్చరిక వస్తే అందులో ఏం చూడాలి, ఇంట్లో ఏం సర్దుకోవాలి

ఫోన్‌లో తుఫాను హెచ్చరిక రాగానే చాలామంది చూసేది ఒక్కటే, గాలి ఎంత స్పీడు అని. అది చూసి అమ్మో అనో, ఇంతేనా అనో అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. దయచేసి అక్కడితో ఆపకండి. మనకి కావాల్సినవి మూడు: వచ్చేది గాలా నీళ్లా పిడుగులా, ఎన్ని గంటలకి, మనం ఉన్న చోటికి ఎంత దగ్గరగా.

ముందు రంగుల సంగతి. భారత వాతావరణ శాఖ లెక్కలో పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, ఆరెంజ్ అంటే రెడీగా ఉండండి, రెడ్ అంటే ఇక చెప్పినట్టు చేసేయండి అని. అమెరికాలో వాచ్, వార్నింగ్ అని రెండు మాటలు వాడతారు, వాచ్ అంటే వచ్చే పరిస్థితులు ఉన్నాయని, వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా వచ్చేస్తోంది అని. నన్నడిగితే పనులన్నీ ఆరెంజ్‌లోనే అయిపోవాలి, రెడ్ వచ్చాక బయట తిరిగే పని ఒక్కటి కూడా మిగలకూడదు.

గాలి స్పీడు 60 కిలోమీటర్ల నుంచి 120 అయితే దెబ్బ రెట్టింపు అవుతుందనుకుంటాం, కాదు, గోడ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. కానీ గాలి కంటే నీళ్లకే ఎక్కువ భయపడాలి. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తీరం తాకేసరికి కేటగిరీ 3కి (గాలి స్పీడుని బట్టి 1 నుంచి 5 దాకా ఇస్తారు) తగ్గిపోయింది, అయినా మిసిసిపీ తీరంలో సముద్రం 8 మీటర్లకి పైగా లేచింది, ఎందుకంటే ఆ కేటగిరీ గాలిని మాత్రమే కొలుస్తుంది, ఉప్పెనని కాదు. 2013లో ఫిలిప్పీన్స్‌లో హయాన్ తుఫాను వచ్చినప్పుడు ఉప్పెన గురించి ముందే హెచ్చరించారు, కానీ స్టార్మ్ సర్జ్ అని ఇంగ్లీషులో వాడిన ఆ మాటకి అర్థం చాలామందికి తెలియలేదు, సునామీ అని చెప్పుంటే పారిపోయేవాళ్లం అన్నారు బతికినవాళ్లు. అది చదివినప్పటి నుంచి నేను హెచ్చరికలో అర్థం కాని మాట ఒక్కటున్నా వదిలిపెట్టను, మీరూ వదలకండి, ఇంట్లో పెద్దవాళ్లకి మామూలు మాటల్లో విడమరిచి చెప్పండి, "నీళ్లు మన గుమ్మం దాటొచ్చు" అని.

మ్యాప్‌లో గరాటులా కనిపించేది తుఫాను సైజు కాదు. దాని కేంద్రం ఎటెటు వెళ్లే అవకాశం ఉందో చూపిస్తుంది అంతే, వానా గాలీ ఆ గీత బయట కూడా ఉంటాయి. ఇంకోటి, మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని తలుపు తీయకండి. అది తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఇంకో సగం రావాల్సే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు ఇలాగే కాసేపు నిమ్మళించి మళ్లీ విరుచుకుపడింది, రెండోసారి గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది.

సర్దుకోవడానికి వస్తే, మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు, వారం సరిపడా మందులు, టార్చి, రేడియో, పవర్ బ్యాంక్, కొంచెం నగదు, కాగితాలు జిప్ కవర్లో. బాల్కనీలో, డాబా మీద ఉన్న కుండీలు, కుర్చీలు, రేకు ముక్కలు లోపల పెట్టేయండి, గాలికి అవే లేచొచ్చి అద్దాలు పగలగొడతాయి. కిటికీలకి టేప్ అతికించడం దండగ, అద్దం పగలకుండా ఆపదు సరికదా ముక్కలు ఇంకా పెద్దవిగా పడతాయి, టేప్ అతికించే ఆ టైములో కిటికీ లేని లోపలి గదిలో అందరూ ఉండటానికి చోటు చేసుకోండి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లమని అధికారులు చెప్తే మాత్రం వెలుతురు ఉండగానే బయల్దేరండి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు మనిషి పడిపోతాడు, 30 ఉంటే చిన్న కారు కొట్టుకుపోతుంది, అందుకే ఎంత తెలిసిన రోడ్డయినా నీళ్లు పారుతుంటే వెనక్కి తిరిగేయండి.

మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే లోపలికి వెళ్లండి, చెట్టు కిందకి కాదు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకి రావద్దు.

కరెంటు పోయాక జనరేటర్ ఇంట్లోగానీ వరండాలోగానీ పెట్టొద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెగిపడిన వైర్ల దగ్గరికి వెళ్లొద్దు. ఫోన్ కలవకపోతే మెసేజ్ పెట్టి చూడండి, కాల్ కంటే అది వెళ్లే అవకాశం ఎక్కువ.

ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకి ఒక చిన్న ఉపాయం. గ్లాసులో నీళ్లు పోసి ఫ్రీజర్లో గడ్డ కట్టించి, పైన ఒక నాణెం పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే పర్లేదు. అడుక్కి దిగిందంటే మధ్యలో చాలాసేపు కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టినట్టు, ఫ్రీజర్లో ఉన్న తిండి పైకి ఎంత బాగా కనిపించినా పారేయండి.